కుజదోషం కాదు, కుజుడే అల్లుడు

మన దగ్గర అబ్బాయికి కుజదోషం ఉందని తెలిస్తే జాతకం మర్యాదగా మడిచి వెనక్కిచ్చేస్తాం. మొన్న నేను చదివిన కథలో ఒక తండ్రి కష్టం అంతకన్నా పెద్దది. ఆయన కూతురు ఏకంగా కుజగ్రహం మీద పుట్టినవాణ్నే పెళ్లి చేసుకుంది. అల్లుడు మనవాడు కాదన్న బాధ ఒక ఎత్తయితే, అసలు మనిషే కాదన్నది ఇంకో ఎత్తు. ఆ తండ్రి మనల్ని పక్కన కూర్చోబెట్టుకుని తన గోడు వెళ్లబోసుకోవడమే కథంతా. చదువుతూ నేను నవ్విన నవ్వుకి, మేడమీద ఆఫీసు మీటింగులో ఉన్న మావారు కిందికి దిగొచ్చి ఏమైందని అడిగారు.

ఆ పుస్తకం నాకు కొనకుండానే వచ్చింది. మా ఎదురింట్లో ఎనభై దాటిన ఒక యూదు బామ్మగారు ఉండేవారు. ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతూ, గిన్నెలూ పూలకుండీలూ అందరికీ పంచిపెట్టారు. నేను కెమిస్ట్రీ చదివి ఇంట్లో కూర్చున్నానని ఆవిడకి ఎప్పుడూ బెంగే. "నువ్వు సైన్సు చదివావుగా, ఇవి సైన్సు కథలు, తీసుకో" అని నా చేతిలో పెట్టారు. చదివాక తెలిసింది, వాటిలో సైన్సు పోపులో ఇంగువంత. మిగతాదంతా పెళ్లిళ్లు, పిల్లల చదువులు, చుట్టాలు, డబ్బు, తిండి.

పుస్తకం పేరు 'వాండరింగ్ స్టార్స్'. జాక్ డాన్ అనే రచయిత 1974లో యూదుల సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలన్నీ ఏరి కూర్చిన సంకలనం. ముందుమాట ఐజాక్ అసిమోవ్‌ది. మనలో సైన్సు చదివిన వాళ్లకి ఆయన పేరు తెలిసే ఉంటుంది. రష్యాలో పుట్టి, మూడేళ్లప్పుడు 1923లో అమ్మానాన్నలతో అమెరికా వచ్చి, బ్రూక్లిన్‌లో వాళ్లు నడిపిన మిఠాయి కొట్లో పనిచేస్తూ పెరిగినవాడు. ఈ కథలు రాసినవాళ్లలో చాలామంది అలాంటివాళ్లే. ఇంట్లో పెద్దవాళ్లది ఒక భాష, బడిలో ఇంకో భాష. మన పిల్లల సంగతి నేను వేరే చెప్పాలా?

కుజుడి అల్లుడి కథ రాసింది కరోల్ కార్, 1969లో. కథ మొదట్లోనే ఆ తండ్రి, పాతకాలమైతే 'షివా' కూర్చునేవాళ్లం అంటాడు. షివా అంటే దగ్గరివాళ్లు పోయినప్పుడు యూదులు ఏడు రోజులు ఇల్లు కదలకుండా పాటించే మైల. బిడ్డ మతం బయట పెళ్లి చేసుకుంటే ఆ బిడ్డ పోయినట్టే లెక్కగట్టి కొన్ని సంప్రదాయ కుటుంబాల్లో షివా కూర్చునేవారట. మనవాళ్లు "దానికి నీళ్లొదిలేశాం" అంటారే, అదే ఇది. షోలెం అలైఖెం యిడ్డిష్‌లో రాసిన పాలవాడు తెవ్యె కథల్లోనూ ఒక కూతురు ఇలాగే మతం బయట చేసుకుంటుంది, తండ్రి గుండె రాయి చేసుకుంటాడు. 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' సినిమా చూసినవాళ్లకి ఆ ఘట్టం గుర్తుండే ఉంటుంది. కార్ చేసిందల్లా ఆ ఏడుపునే రాకెట్టెక్కించి కుజుడి మీదికి పంపడం. కూతురు కడుపుతో ఉందని తెలుస్తుంది. పురిటికి తల్లి వెళ్లకుండా ఎలా? ముసలి దంపతులు సణుక్కుంటూ ప్రయాణం కడతారు. ముగింపు చెప్పను, మీరే చదువుకోండి.

ఈ కథ నన్ను ఎందుకంత పట్టుకుందో దాచుకోవడం దేనికి? మా పెదనాన్న నాలుగేళ్లుగా మా అక్కతో మాట్లాడరు. అక్క పోర్ట్‌లాండ్‌లో ఉంటుంది, తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంది. అతనిది ఒరెగాన్, అంగారకం కాదు. రెండు కాళ్లు, రెండు చేతులు, ఆవకాయ తింటే ముక్కూ కళ్లూ కారడం, అన్నీ మనకున్నట్టే ఉన్నాయి. అయినా పెదనాన్న ఫోనులో నాతో ఊరి సంగతులన్నీ చెప్పి, అక్క మాట రాగానే "సిగ్నల్ సరిగ్గా లేదమ్మా" అంటారు. సిగ్నల్ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది.

సరే, కథల్లోకి వస్తాను. నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది హోరేస్ గోల్డ్ 1939లో రాసిన నీళ్ల కథ. న్యూయార్క్ దగ్గర రాకవే బీచిలో చిన్న దుకాణం నడుపుకునే గ్రీన్‌బర్గ్ అనే ఆయన ఒకరోజు చేపలు పడుతూ ఒక మరుగుజ్జు జలదేవతని అవమానిస్తాడు. ఆ దేవత శాపం పెడుతుంది: ఇకమీదట నీళ్లు నీ దగ్గరికి రావు అని. రాజులకీ ఋషులకీ తగిలే శాపాలు చదివి పెరిగినవాళ్లం మనం. ఇక్కడ శాపం తగిలింది కూతురి కట్నం ఎలా కూడబెట్టాలా అని లెక్కలు వేసుకుంటున్న మధ్యతరగతి తండ్రికి. కాబట్టి కష్టాలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. గడ్డం గీసుకోవడానికి మొహం తడవదు. స్నానం లేదు. మంచినీళ్లు నోట్లోకి పోవు. కూతుర్ని చూసుకుంటున్న కుర్రాడు భోజనానికొచ్చిన రోజున, సూప్ ఆయన చెంచాకి దొరక్కుండా పారిపోతుంది. మావగారి పరువు గిన్నె అంచు దాటి బల్ల మీదికి పోతున్నట్టే ఉంటుంది ఆ ఘట్టం. శాపం కన్నా, ఆ పెళ్లివారి ముందు పడే అవస్థే భయంకరం. మనింట్లో పెళ్లిచూపుల రోజు గ్యాసు అయిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నాలోని కెమిస్ట్రీ స్టూడెంటుకి ఇక్కడ పండగే. తామరాకు మీద నీటిబొట్టు ఎందుకు నిలవదో ల్యాబులో చదివాం కదా. ఆకు మీద మైనపు పూతా, కంటికి కనిపించని గరుకుదనమూ కలిసి బొట్టుని పైకే నిలబెట్టి జారేలా చేస్తాయి. గ్రీన్‌బర్గ్ నడిచే తామరాకు అన్నమాట. విరుగుడు ఇంకా బాగుంటుంది. నీళ్లలో ఉండే దేవతకి పంచదార రుచి జన్మలో తెలియదు. ఎలా తెలుస్తుంది, నీళ్లలో పడగానే కరిగిపోతుందిగా! అందుకని పంచదార బిళ్లల్ని సెల్లోఫేన్ కాగితంలో చుట్టి సమర్పించుకుంటారు. దేవతకి నైవేద్యం, పైన ప్లాస్టిక్ ప్యాకింగ్. ఇండియా నుంచి మా అమ్మ పంపే పూతరేకుల డబ్బా గుర్తొచ్చింది.

అవ్రమ్ డేవిడ్‌సన్ 1955లో రాసిన 'ది గోలెం' ఇంకా చిన్న కథ. గోలెం అంటే మట్టితో బొమ్మ చేసి మంత్రాక్షరాలతో ప్రాణం పోసిన మనిషి. ప్రాగ్ నగరపు రబ్బీ ఒకాయన తన వాళ్లని కాపాడుకోవడానికి అలాంటివాణ్ని చేశాడని యూదుల గాథ. మన పార్వతమ్మ నలుగుపిండితో బొమ్మ చేసి గుమ్మం దగ్గర కాపలా పెట్టలేదూ, ఆ తరహా. ఈ కథలో లాస్ ఏంజిలస్‌లో ఒక ముసలాయనా ముసలావిడా వరండాలో కూర్చుని ఉంటారు. బూడిదరంగు మొహంతో ఒకడొచ్చి, నేను మనిషిని కాను, మానవజాతికి ప్రమాదాన్ని అన్నట్టు భయపెట్టబోతాడు. వాళ్లు వింటేగా! ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ సొంత గొడవల్లో ఉంటారు. వాడు ఆవిణ్ని ఏదో అనేసరికి మాత్రం ముసలాయన లేచి చెంపమీద ఒక్కటిస్తాడు. ఆ తర్వాత వాడికి దక్కిన ఉద్యోగం ముందు గడ్డి కోయడం. మానవజాతిని అంతం చేయడానికి వచ్చినవాడికి ఇంటిపని అప్పజెప్పగలిగేది ముసలి దంపతులే. మా అత్తగారు ఇక్కడికొచ్చినప్పుడు ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడి చేత అటక మీది డబ్బాలు దింపించారు, అతనికి తెలుగు రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు.

ఇంతకీ నవ్వు ఎక్కడినుంచి వస్తోంది? అద్భుతం జరిగినా ఇంట్లోవాళ్లు ఎవరూ ఆశ్చర్యపోరు, అక్కడినుంచి. దెయ్యం వచ్చినా, గ్రహాంతరవాసి వచ్చినా ముందు అడిగేది "భోంచేశావా?", ఆ తర్వాత "ఎవరబ్బాయివి?" అని. మనకీ ఇది కొత్త కాదు. 'మాయాబజార్'లో అంత మాయా ఒక పెళ్లి సంబంధం చెడగొట్టడానికీ, ఒక విందు ఆరగించడానికీ తప్ప ఇంకెందుకు? 'యమగోల'లో యమలోకం కూడా మన ఆఫీసుల్లాగే కదా. భానుమతిగారి అత్తగారి కథల్లోని అత్తగారు కుజుడి మీదికి వెళ్లి ఉంటే అక్కడివాళ్ల పని ఏమయ్యేదా అని ఈ పుస్తకం చదివినప్పట్నుంచీ అనుకుంటున్నాను. మడి గుడ్డ ఎక్కడ ఆరేసేవారో!

మడి అంటే గుర్తొచ్చింది. పాలకీ మాంసానికీ వేరు వేరు గిన్నెలు వాడే ఇళ్లు యూదుల్లో ఉన్నాయి. విలియం టెన్ కథ చెప్పేవాడి పేరు మిల్చిక్. ఆ పేరుకి యిడ్డిష్‌లో పాలవంటకాలకి సంబంధించినది అని అర్థం. పాలవాడు తెవ్యెకి మునిమనవడన్నమాట, పని మాత్రం టీవీలు బాగుచేయడం, ఉండేది శుక్రగ్రహం మీద. టెన్ అసలు పేరు ఫిలిప్ క్లాస్, లండన్‌లో పుట్టి బ్రూక్లిన్‌లో పెరిగారు. 'ఆన్ వీనస్, హావ్ వియ్ గాట్ ఎ రబ్బై' అని ఆ కథ పేరులోనే యిడ్డిష్ యాస వినిపిస్తుంది. మనం ఇంగ్లీషు మాట్లాడుతూ వాక్యం చివర "కదా" తగిలించినట్టు.

శుక్రుడి మీద యూదుల మహాసభ. ఊళ్లో ప్రతి ఇంటినిండా దిగబడిన అతిథులు. వాళ్లలో బల్బాలని కొందరొస్తారు. చూడ్డానికి ముడతలు పడ్డ గోధుమరంగు దిళ్లలా ఉంటారు, బూడిదరంగు మచ్చలు, వాటిలోంచి చిన్న చిన్న మీసాల్లాంటి చేతులు. యిడ్డిష్‌లో 'బుల్బె' అంటే బంగాళదుంప లెండి. మేమూ యూదులమే, మా పూర్వీకులు న్యూజెర్సీలోని పరామస్ నుంచి వలస వెళ్లారు అంటారు! పరామస్ అంటే మా ఇంటికి ముప్పావుగంట దూరం. ఆదివారం బట్టల షాపులు మూసేసి ఉంటాయని తెలియక నేను రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చిన ఊరు. అక్కణ్నుంచి వెళ్లినవాళ్లు తరతరాలుగా ఆ గ్రహం నీళ్లూ గాలీ పడి, ఎప్పుడు మొదలైందో తెలియకుండా దిళ్లైపోయారు. ప్రార్థనలు మాత్రం మానలేదు. ఇక తగువు మొదలు: దిండు యూదుడవుతుందా? నవ్వుతూ చదువుతాం గానీ, మా అమ్మాయి నా తెలుగుకి ఇంగ్లీషులో జవాబిచ్చిన ప్రతిసారీ నాకు ఆ దిళ్లు గుర్తొస్తున్నాయి. రబ్బీ స్మాల్‌మన్ పాపం ఆ తీర్పు కోసం పాత గ్రంథాలన్నీ తవ్వి, ఎవరినీ బయటికి నెట్టకుండా దారి వెతుకుతాడు. పుస్తకం మొత్తంలో నాకు అసూయ పుట్టించింది ఆ రబ్బీయే. మన పెద్దమనుషుల పంచాయితీల్లో అంత ఓపిక నేను చూళ్లేదు.

ఇది కల్పనే అనుకోకండి. "ఎవరు మనవాళ్లు" అన్న ప్రశ్న గుంటూరు జిల్లాలోనే ఉంది. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే బస్సు చేబ్రోలు మీదుగా వెళ్తుంది. ఆ పక్కనే కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు. ఎఫ్రాయిము గోత్రంవాళ్లమని చెప్పుకుంటారు, ప్రార్థనామందిరం కట్టుకున్నారు, శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు. ప్రపంచంలోని మిగతా యూదులు వాళ్లని ఒప్పుకోవాలా వద్దా అన్న చర్చ ఉండనే ఉంది. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి ప్రతి సెలవులకీ వెళ్లిన నాకు ఈ సంగతి న్యూజెర్సీకి వచ్చాక తెలిసింది. బామ్మగారికి చెబితే ముందు నమ్మలేదు. తర్వాత వాళ్లేం వండుకుంటారని అడిగారు. గోంగూర అన్నాను.

గ్రహాలు మారితే ఆచారం ఏం చేయాలన్నదీ నిజంగానే ఎదురైన ప్రశ్నే. 2003లో కొలంబియా నౌకలో మన కల్పనా చావ్లాతో పాటు ఇలాన్ రామన్ అనే ఇజ్రాయెల్ వ్యోమగామి వెళ్లాడు. భూమి చుట్టూ గంటన్నరకొకసారి తిరిగే నౌకలో రోజుకి పదహారు సూర్యోదయాలు. సూర్యుణ్ని బట్టి లెక్కేస్తే విశ్రాంతి దినం పదిన్నర గంటలకొకసారి వచ్చిపడుతుంది. రబ్బీలని అడిగితే, రాకెట్టు బయల్దేరిన కేప్ కెనావెరల్ గడియారం ప్రకారం పాటించుకోమన్నారు. ఉగాది ఇక్కడ ఏ రోజో, ఇండియాలో ఏ రోజో అని ఏటా మా అత్తగారితో ఫోనులో తగువుపడే నాకు ఈ తీర్పు కడుపు నింపింది. ఫిబ్రవరి 1న ఆ నౌక తిరిగిరాలేదు. నేనప్పుడు గుంటూరులో బళ్లో చదువుతున్నాను. కల్పన ఫొటో పేపర్లోంచి కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకున్నాను. ఆ ఫొటోలో ఆమె వెనక నిలబడ్డ ఆయనెవరో ఇన్నేళ్లకి తెలిసింది.

పుస్తకంలో అన్నీ నవ్వించేవి కావు. బెర్నార్డ్ మాలముద్ కథ 'ది జ్యూబర్డ్' నవ్వుతూ మొదలై నవ్వు గొంతులో ఇరుక్కునేలా చేస్తుంది. 1963 నాటిది. న్యూయార్క్‌లో హారీ కోహెన్ అనే ఆయన ఫ్రోజెన్ ఫుడ్స్ అమ్మే సేల్స్‌మన్. ఒక వేసవి రాత్రి వాళ్లు భోంచేస్తుంటే కిటికీలోంచి ఒక నల్లటి పక్షి వచ్చి వాలుతుంది. మాట్లాడుతుంది, యిడ్డిష్ ముక్కలు కలిపి. యూదుల పిట్టనంటుంది, పేరు ష్వార్జ్. ఉప్పుచేప ఉంటే పెట్టమంటుంది. పిల్లాడి పక్కన కూర్చుని చదివిస్తుంది, వాడి మార్కులు పెరుగుతాయి. అయినా కోహెన్‌కి దాన్ని చూస్తే ఒళ్లు మంట. చేపకంపు కొడుతుందంటాడు, ముసలి యాసంటాడు. ఆ పిట్ట ఏం తప్పు చేసింది? తాను వదిలేసి వచ్చాననుకున్నదాన్నంతా ఇంట్లోకి మోసుకొచ్చింది, అంతే. తన తల్లి పోయాక, ఇంట్లో పెళ్లామూ పిల్లాడూ లేని సమయం చూసి దాన్ని బయటికి విసిరేస్తాడు. మంచు కరిగాక ఆ పిల్లాడు వెతుక్కుంటూ వెళ్తాడు.

నేను పుస్తకం మూసి వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. రెండేళ్ల క్రితం మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు సూట్‌కేసులో ఎండురొయ్యలు తెచ్చింది. గోంగూరలో వేసి వండుతానంటే, "వద్దమ్మా, స్మోక్ అలారం మోగుతుంది, అపార్ట్‌మెంట్ అంతా వాసన" అన్నాను. అలారం సంగతి అబద్ధం. అమ్మ ఏమీ అనలేదు. పొట్లం మళ్లీ సూట్‌కేసులో పెట్టేసుకుంది. అప్పుడు మా అమ్మాయి పక్కనే బల్ల దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది. వారం తిరక్కుండా అది బడినుంచి వచ్చి, "రేపట్నుంచి పులిహోర పెట్టకు, శాండ్‌విచ్ చాలు" అంది. ఎవర్ని చూసి నేర్చుకుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పుస్తకం మీద నాకు ఫిర్యాదు లేకపోలేదు. పదమూడు కథల్లో ఆడవాళ్లు రాసినవి రెండే. మగవాళ్లు రాసిన కథల్లో తల్లులూ భార్యలూ ఎప్పుడూ తినమని బలవంతపెడుతూనో, మొగుణ్ని సాధిస్తూనో కనిపిస్తారు. మన సినిమాల్లో గయ్యాళి అత్తలాగా అదొక అచ్చు. సూప్ బల్లమీద ఒలికితే తుడిచింది ఎవరో గోల్డ్‌గారు రాయలేదు. కరోల్ కార్ కూడా తండ్రి గొంతుతోనే చెప్పింది. కానీ ఆ తండ్రి బింకం లోపల ఏముందో కూతురిగా ఆవిడకి తెలుసని ప్రతి పేరాలో తెలిసిపోతుంది.

పుస్తకం అక్కకి పోస్టు చేశాను. ఆ ఆదివారం పెదనాన్నతో మాట్లాడుతూ, ఊరికే ఒక కథ చదివాను వినండి అని మొదలుపెట్టాను. సిగ్నల్ పోతుందేమోనని భయపడుతూనే కుజుడి అల్లుణ్ని ప్రవేశపెట్టాను. పోలేదు. మధ్యలో ఒకసారి "మరి జాతకాలు ఎలా కలిశాయే? వాడికి కుజుడు ఏ ఇంట్లో ఉన్నట్టు?" అన్నారు. రెండోసారి నిజంగానే నవ్వారు. ముసలివాళ్లిద్దరూ రాకెట్టెక్కే దాకా చెప్పి ఆపాను.

"తర్వాత?"

"అంతే పెదనాన్నా, అక్కడిదాకానే."

"అదేం కథే? పిల్ల పుట్టిందా? ఎవరి పోలిక?"

"పుస్తకం నా దగ్గర లేదు. అక్క దగ్గరుంది. మిగతాది దాన్నే అడగండి."

చాలాసేపు ఏమీ వినిపించలేదు. పెరట్లో పంపు కింద బిందె నిండుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. తర్వాత పెద్దమ్మని పిలిచి పంపు కట్టెయ్యమన్నారు. మళ్లీ ఫోను దగ్గరికొచ్చి, "అక్కడ... ఆ పోర్ట్‌లాండ్‌లో ఇప్పుడు టైమెంతయి ఉంటుందే?" అన్నారు.